శాంతమ్మకు నేను చదివిన చీటీ

పదమూడేళ్లుగా ఒక మాటను కడుపులో పెట్టుకుని బతుకుతున్నాను. దాన్ని అలాగే ఉంచుకుని పాఠాలు చెప్పాను, గుడిలో పాటలు పాడాను, ఆదివారం బడిలో పిల్లలకు అబద్ధమాడకూడదని నేర్పాను. ఈ కాగితం చదివే మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదయింది. తెలిసినవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. పెగలదని ఈ పదమూడేళ్లలో బాగానే రుజువైంది. నా పేరు రాయను. ఆమె పేరు మాత్రం రాస్తాను. శాంతమ్మ.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను జమ్మలమడుగు దగ్గర ఒక చిన్న ఊళ్లో టీచరుగా ఉండేదాన్ని. ఊరి చివర మా పేట. పేటకు ఒకే గది. ఆరు రోజులు అది బడి, ఏడో రోజు గుడి. పేటలో అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. పాస్టరుగారు నెలకోసారి సైకిలు మీద వచ్చి వెళ్లేవారు. మిగతా రోజుల్లో ఉత్తరం చదవాలన్నా, వాక్యం చదవాలన్నా నేనే. నేను ఏది చదివితే అదే ఆ కాగితంలో ఉందని జనం నమ్మేవాళ్లు. ఆ నమ్మకం చూసి లోపల గర్వపడేదాన్ని. అదీ ఒప్పుకోవాలి.

కొత్త సంవత్సరం మొదటి రోజు పొద్దున గుడిలో వాగ్దానాల చీటీలు తీసేవాళ్లు. ఇప్పటికీ తీస్తారు. ఒక్కో వాక్యాన్ని ఒక్కో చిన్న కాగితం మీద రాసి, చుట్టి, దారం కట్టి, పళ్లెంలో పోస్తారు. ప్రార్థన చేసుకుని ఎవరికి వారు ఒకటి తీసుకుంటారు. ఏది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషితో చెప్పిన మాట. చదువురానివాళ్లు చీటీ తెచ్చి నా చేతిలో పెడితే నేను పైకి చదివేదాన్ని. రెండు మూడుసార్లు చెప్పించుకుని, నోటికి పట్టించుకుని, చీటీని వక్కాకు తిత్తిలో దాచుకునేవాళ్లు. ఏడాది పొడుగునా కూలికి పోతూ, కలుపు తీస్తూ, జ్వరమొచ్చి పడుకున్నా అదే మాట అనుకునేవాళ్లు. చీటీలు రాసేది కూడా నేనే. నా రాత గుండ్రంగా, అందంగా ఉంటుందని పేరు.

శాంతమ్మ మా ఇంటి వెనక గుడిసెలో ఉండేది. నాపరాయి గనిలో బండలు మోసే పని. మొగుడు తుంగభద్ర కట్ట పనికని పోయి అప్పటికి మూడేళ్లు. కబురు లేదు. చచ్చిపోయాడో, ఇంకో కాపురం పెట్టాడో ఎవరికీ తెలియదు. ఒక్కతే కూతురు, రూతు, ఆరేళ్లది. ఇటు మా ఇంట్లో మా అమ్మకు పక్షవాతం. అమ్మ భారీ మనిషి, లేపడం నా ఒక్కదాని వల్ల కాదు. శాంతమ్మ గనికి పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి మా ఇంటికి వచ్చేది. అమ్మను ఎత్తి, కడిగి, బట్ట మార్చి, పక్క తిప్పి పడుకోబెట్టేది. ఎందుకే నీకీ శ్రమ అంటే, మాయమ్మకైతే చెయ్యనా అనేది. నేను పెట్టిన సంగటి తిని పోయేది.

ఆ ఏడు క్రిస్మసుకు పులివెందుల నుంచి ఆమె అన్న వచ్చాడు. అక్కడ ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. చెల్లెలికి అదే వంటింట్లో పని మాట్లాడి పెట్టి వచ్చాడు. రూతు ఆ పిల్లలతో పాటే ఉండి పై తరగతుల దాకా చదువుకోవచ్చు. శాంతమ్మ ఎటూ తేల్చుకోలేకపోయింది. మొగుడు తిరిగొచ్చి తలుపు మూసి ఉండటం చూస్తే ఎట్లా అని ఒక దిగులు, పిల్ల బతుకు ఏమవుతుందని ఇంకో దిగులు. చీటీ తీసినాక చెబుతానంది. అన్న వారం రోజులు ఆగాడు.

ఆ పొద్దున ఆమె కళ్లు మూసుకుని పళ్లెంలో చెయ్యి పెట్టింది. చీటీ తెచ్చి నాకిచ్చింది. బండలు మోసే చెయ్యి, కాగితం ముక్కను నలగకుండా రెండు వేళ్లతో పట్టుకుంది.

“టీచరమ్మా, దేవుడు పోమంటాండాడో ఉండమంటాండాడో ఈ చీటీలోనే ఉంటాది. నాకు కండ్లుండీ లేనట్టే. ఉండేది ఉన్నట్టు సదువమ్మా.”

విప్పాను. నా రాతే. ఇక్కడ ఉన్నది చాలు, లేచి బయలుదేరి పొమ్మని దేవుడు తన జనానికి చెప్పే వాక్యం. ఎవరికో రాసిపెట్టినట్టు అంత సూటిగా ఉంది.

అప్పుడు నేనేం ఆలోచించాను? ఎన్నోసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. దేవుణ్ణి ఎదిరిద్దామనుకున్నానా, శాంతమ్మకు చెడు చేద్దామనుకున్నానా? అంత పెద్ద ఆలోచన ఏదన్నా ఉండుంటే, ఆ పాపానికి కాస్త మర్యాదయినా దక్కేది. రేపు పొద్దున అమ్మను ఎవరు లేపుతారు అనుకున్నాను. అంతే. చీటీ మీదికే చూస్తూ, అందులో లేని ఇంకో వాక్యం చదివాను. దేవుని కోసం కనిపెట్టుకొని ఉండేవాళ్లకు బలం కొత్తగా వస్తుందనే వాక్యం. నా గొంతు తొట్రుపడలేదు.

“అంటే ఏందమ్మా?” అంది.

“ఉండమని, శాంతమ్మా. ఓపిక పట్టమని,” అన్నాను.

“ఇంగోసారి చెప్పమ్మా.”

చెప్పాను. మూడుసార్లు చెప్పాను. మూడుసార్లలో ఒక్కసారైనా ఆగవచ్చు కదా. ఆగలేదు. ఆమె చీటీ కళ్లకద్దుకుని, సరే సామీ, ఉంటా అంది. గుమ్మం దగ్గర నిలబడ్డ అన్న తల దించుకుని, దేవుడే ఉండమంటాంటే నేనేం జేసేదిలేమ్మా అన్నాడు. మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం శాంతమ్మ ఎప్పటిలాగే వచ్చి మా అమ్మను లేపి కూర్చోబెట్టింది.

ఇక్కడి నుంచి చెప్పడం ఇంకా కష్టం. ఆ మాట ఆమెకు పనిచేసింది. నా నోట్లోంచి వచ్చిన అబద్ధం ఆమెకు అన్నమయింది. తెల్లారి గుడిసె ముందు నిలబడి, కనిపెట్టుకోని ఉండల్ల, బలం వస్తాది అనుకుని తట్ట ఎత్తుకునేది. సాయంత్రం ఒళ్లంతా రాతి పొడితో వచ్చి, ఈ పొద్దు కూడా ఇచ్చినాడు టీచరమ్మా అనేది, ఎవరో ఇంటికొచ్చి చేతిలో పెట్టిపోయినట్టు. కొత్త ఏడాది వచ్చినా ఇంకో చీటీ తీయలేదు. నాకిదే సాలు అనేది. గ్రంథం మొత్తం చదవగలిగిన నాకు అందులో ఒక్క మాట కూడా బలం ఇవ్వలేదు. ఏ పుట తీసినా ఆమె చెయ్యే కనిపించేది. ఆమె నమ్మింది దేవుణ్ణా, నన్నా? దేవుణ్ణే. మధ్యలో నేను నిలబడ్డాను, అంతే. మరి ఆ బలం ఎక్కడి నుంచి వచ్చినట్టు? దేవుడే ఇచ్చాడంటే నా తప్పు తేలికవుతుందా? అలా అనుకుని కొన్నాళ్లు నిద్రపోయాను కూడా.

రెండో ఏడు మా అమ్మ పోయింది. ఇక అబద్ధానికి పని లేదు. చెప్పేయవచ్చు. చెబుదామని రెండుసార్లు గుడిసె దాకా వెళ్లాను. పాపం, ఆ మాట మీదే బతుకుతోంది, దాన్ని లాగేస్తే ఏమవుతుందని వెనక్కి వచ్చాను. ఎంత దయగల మనసో చూడండి. నిజానికి నాకు భయం. పేటలో నా మాట పోతుందని భయం. పులివెందుల అన్న అప్పటికి ఆ పని మానేసి ఇంకెక్కడికో వెళ్లిపోయాడని తెలిసింది. ఆలస్యమైపోయిందిలే అని ఆ కబురుతో సరిపెట్టుకున్నాను.

నిజం చెప్పడానికి ఇంకా ఆలస్యం కాలేదని రూతు నాకు చూపించింది. ఆ పిల్లకు అక్షరాలు దిద్దించింది నేనే. ఎనిమిదేళ్లకు గడగడా చదివేది. ఒకరోజు మా వరండాలో కూర్చుని శాంతమ్మ ముచ్చటపడి తిత్తిలోంచి చీటీ తీసి కూతురి చేతికిచ్చింది. సదువు పాపా, వింటా అంది. రూతు విప్పింది. పెదాలు కదిలాయి. నేను బియ్యం ఏరుతున్నాను, చేతులు ఆగిపోయాయి. పిల్ల తలెత్తి నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తల్లి వైపు తిరిగి, చిన్నప్పటి నుంచి విన్న ఆ మాటనే, కనిపెట్టుకొని ఉండేవాళ్లకు బలం వస్తుందనే మాటనే, కాగితం చూస్తూ చదివింది. అచ్చం నాలాగే చదివింది.

నేను ఆ పిల్లకు నేర్పిన చదువు అది. శాంతమ్మ కూతురి తల నిమిరి, నా బిడ్డ టీచరమ్మంత అయితాది అంది. ఆ రోజు తర్వాత రూతు నా కళ్లలోకి చూడలేదు. బడిలో అడిగినదానికి నేల చూస్తూ జవాబు చెప్పేది. మా బడి ఐదో తరగతి దాకానే. అది కాగానే తల్లి వెంట గనికి పోయింది.

తర్వాత ఒక ఏడు బండ జారి శాంతమ్మ ఎడమ పాదం మీద పడింది. కుంటుకుంటూనే మోసింది. నాకు ప్రొద్దుటూరు బదిలీ అయింది, వచ్చేశాను. పారిపోవడమని మీరంటే కాదనను. రాతి పొడి ఊపిరితిత్తుల్లో చేరి ఆమె దగ్గి దగ్గి పోయిందని పోయిన నెల తెలిసింది. మొగుడు రాలేదు. చివరి దాకా తలుపు మాత్రం వేసుకోలేదట.

మొన్న రూతు మా ఇంటికి వచ్చింది. పందొమ్మిదేళ్లుంటాయి. చేతులు అచ్చం తల్లివే. రమ్మన్నాను, కూర్చోమన్నాను. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి పమిట కొంగు ముడి విప్పి, వక్క మరకలతో ముదురు రంగుకు తిరిగిన చీటీని నా చేతిలో పెట్టింది.

“మట్టి చేసేటప్పుడు అమ్మతోనే పెడదామనుకున్న్యా టీచరమ్మా. మనసొప్పలేదు. దీంట్లో ఉండేది మాయమ్మకు ఎవురూ సదివి చెప్పలేదు గదా.”

నన్ను తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. నేను అడగలేదు. బస్సుకు టైమయిందని వెళ్లిపోయింది, రేపు గనికి పోవాలట.

క్షమించమని దేవుణ్ణి అడిగానా అని మీరు అడగవచ్చు. అడిగాను. ఏ జవాబూ వినబడలేదు. వినబడినా, నేను మళ్లీ నాకు కావలసినట్టే చదువుకుంటానేమో. నాకు నా మీద ఆ మాత్రం నమ్మకం కూడా లేదు.

ఈ కాగితం రాయడానికి కూర్చునే ముందు తలుపు తీసిపెట్టి, ఆ చీటీ విప్పాను. మడతల దగ్గర చిరిగింది, కానీ అక్షరాలు ఉన్నాయి. శాంతమ్మ ఎదురుగా ఉన్నట్టు నిలబడి, ఉన్నది ఉన్నట్టు పైకి చదివాను. ఇక్కడ ఉన్నది చాలు, లేచి పొమ్మని. ఇంకోసారి చెప్పమ్మా అని అడిగేవాళ్లు లేరు. అయినా మూడుసార్లు చదివాను.