నత్తిసామి పాటకు తొందర లేదు

మా పెద్దమ్మ గొంతు బాగుండదు. ఈ మాట ఆమె వెనకాల గుసగుసలాడుకోనక్కర్లేదు, మొహం మీదే అనొచ్చు. పాత తలుపు గడియ తీసినట్టు కీచుమంటుందని మా అమ్మ వెక్కిరించేది. సొంత చెల్లెలు కాబట్టి ఆ చనువు చెల్లింది. అయినా మా ఊళ్లో పాడేవాళ్లూ, వాయించేవాళ్లూ, ఊదేవాళ్లూ అందరూ తమ పెద్దగా కొలిచే నత్తిసామి గదిలో పాటెత్తే పని మాత్రం ఆమెదే. ఆమె కంటే తియ్యగా పాడేవాళ్లు ఆ గదిలోనే ఉన్నారు. వాళ్లెవరూ ఆ చోటు కోసం పోటీకి రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే ముందు ఆమె పని చూడాలి.

పెద్దమ్మ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. ఉతికిన దుప్పట్లు వేడి రోలర్ల మధ్య నుంచి ఆవిరి కక్కుతూ బయటికొస్తుంటే, ఇటు ఒకరు అటు ఒకరు కొసలు పట్టుకొని మడవాలి. ఆమె మహా కోపిష్టి. పని ఆదరాబాదరాగా చేసేవాళ్లను చూస్తే ఆమెకు ఒళ్లు మంట. కానీ కొత్తగా చేరిన పిల్ల ఎవరైనా చెయ్యి చురుక్కుమని దుప్పటి వదిలేస్తే ఒక్క మాట అనదు. ఆ కొస కూడా తనే అందుకొని, పిల్ల వేళ్లు ఊదుకోవడం అయ్యేదాకా నిలబడుతుంది. వెనక దుప్పట్లు గుట్ట పడుతున్నాయని సూపర్‌వైజర్ అరిస్తే ఆయన వైపు ఒక చూపు చూస్తుంది. ఆయన గొణుక్కుంటూ వెళ్లి మిషన్ ఆపి వస్తాడు. ఆ చూపు దెబ్బ చిన్నప్పుడు నేనూ తిన్నాను కాబట్టి ఆయన మీద నాకు జాలి.

నత్తిసామి గది మా వీధి మలుపులో, తాళాలు బాగుచేసే కొట్టు పక్కన ఉంటుంది. పదిమంది కూర్చుంటే పదకొండోవాడు గుమ్మంలో ఒదగాల్సిందే. సామికి బొమ్మ లేదు, పటం లేదు. ఆయన మోశాడని చెప్పుకునే రాయి ఒకటి మూలన ఉంటుంది. కొత్త డోలు కట్టించుకున్నవాడు మొదటి దెబ్బ, కొత్త వేణువు కొనుక్కున్నవాడు మొదటి ఊపిరి ఆ రాయి ముందే వదలాలి. ఆ తర్వాత దాన్ని ఎక్కడ వాయించి ఎవరి చెవులకు చిల్లులు పొడిచినా సామికి అభ్యంతరం లేదు.

ఆయన కథ ఇది. నిజమేనా అని నన్నడక్కండి, పెద్దమ్మనే అడగండి, మీకంత ధైర్యం ఉంటే. సామి ఒకప్పుడు రాళ్లు మోసే కూలీ. మాట్లాడబోతే మొదటి అక్షరం దగ్గరే నోరు బిగుసుకుపోయేది. ఒకరోజు కడుతున్న గోడ ఒరగడం అందరికంటే ముందు ఆయనే చూశాడు. కింద ఉన్న స్నేహితుణ్ణి కేకేద్దామంటే గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. మాట వచ్చేలోపు గోడ వచ్చేసింది, స్నేహితుడి కాలు విరిగింది. ఆ రోజు నుంచి సామి నోరు విప్పడం మానేశాడు. చివరికి కాలు విరిగినవాడే కర్ర ఊతంగా ఆయన దగ్గరికొచ్చి, ఆ వేళ ఏం చెప్పబోయావో ఇప్పుడు చెప్పు, నాకేం తొందర లేదు అని, కర్రతో నేలమీద మెల్లగా తాళం వేస్తూ కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా వేశాడు. అప్పుడు సామి నోట మొదటి పాట వచ్చింది. గోడ ఒరుగుతోంది, పక్కకు జరగవయ్యా అని. ఎప్పుడో చెప్పాల్సిన హెచ్చరిక, పడిపోయిన గోడ గురించి. మా పాటలన్నీ దాని పిల్లలే అంటారు. పాట సామి నోట పుట్టలేదనీ, వేచి ఉన్న ఆ కర్రలో పుట్టిందనీ మా పెద్దమ్మ వాదన. ఇన్నేళ్లలో నేను దాన్ని కాదనలేకపోయాను.

అందుకే గదిలో ఒకటే కట్టుబాటు. పాటలో ఒక్కొక్కరికీ ఒక సొంత చరణం ఉంటుంది. ఆ మనిషి దాన్ని ముగించేదాకా ఇంకెవరూ నోరు తెరవకూడదు. మాట అందించనూ కూడదు. డోలు మాత్రం మెల్లగా నడుస్తూ ఉంటుంది. దగ్గొచ్చినవాళ్లను దగ్గనిస్తాం, మరిచిపోయినవాళ్లకు గుర్తొచ్చేదాకా ఆగుతాం. ఒకసారి మా డోలు మాస్టారి మామగారు తన చరణం మధ్యలో హాయిగా కునుకు తీశారు. ఆయన లేచి, ఆపిన చోటు నుంచే అందుకొని పూర్తిచేసేదాకా మేమంతా బుద్ధిగా కూర్చున్నాం. నేను తాళాలు వాయిస్తాను కాబట్టి అలాంటప్పుడు నవ్వాపుకోవడానికి చేతుల్లో పనుంటుంది.

ఎంత తియ్యని గొంతున్నవాడికైనా పాట మధ్యలో అలా ఆగి ఉండాలంటే ప్రాణం మీదికొస్తుంది. పెద్దమ్మకు రాదు. ఆగిన మనిషి మొహంలోకి చూస్తూ, మోకాలి మీద చేత్తో తట్టుకుంటూ, ప్రపంచంలో తనకింకే పనీ లేనట్టు కూర్చుంటుంది. పాటెత్తే చోటు ఆమెకు అందుకే దక్కింది.

ఆ గదికి సైకిల్ మెకానిక్ ఒకతను వచ్చేవాడు. సామిలాగే నత్తి. పంక్చర్ వేయించుకునేవాళ్లతో వేళ్లతోనే బేరం తేల్చేస్తాడు. ఇంట్లో కూడా అంతేనని, కూర చాలా అంటే గిన్నె మీద చెయ్యి అడ్డం పెడతాడని అతని భార్య నవ్వుతూ చెప్పేది. తాళంతో కలిసి పాడితే మాత్రం నోరు చక్కగా తిరిగేది. అతని సొంత చరణం, ‘బరువు దించే చోటు చూపు, బాటసారి నేను’ అనేది. ఆ మొదటి అక్షరం దగ్గర అప్పుడప్పుడు ఆగిపోయేవాడు. మేమూ ఆగేవాళ్లం. కాసేపటికి మాట ఊడిపడేది, అది వచ్చినప్పుడు గదంతా నిండేది. అంత మంచి గొంతు ఆ మూగనోము వెనక దాక్కుందని వీధిలో ఎవరికీ తెలియదు.

ఇలా ఉండగా మమ్మల్ని టౌన్‌హాల్లో పాడమని పిలుపొచ్చింది. పిలిచినాయన చాలా పెద్దమనిషి. నేలమీద మా మధ్యే కూర్చొని పాటంతా విన్నాడు, కళ్లు తుడుచుకున్నాడు కూడా. వెళ్లేటప్పుడు మాత్రం పెద్దమ్మను పక్కకు పిలిచి, మెకానిక్ చరణం ఇంకెవరికైనా ఇస్తే మంచిదేమో ఆలోచించమన్నాడు. అంతమంది ముందు అతను ఇబ్బంది పడకూడదనే తన బాధ అన్నాడు. అన్నది మెల్లగానే, కానీ గది ఇరుకు. మెకానిక్ చెవిన పడనే పడింది.

ఆ తర్వాత అతను గదికి రావడం మానేశాడు. భార్య లాండ్రీ గేటు దగ్గరికొచ్చి పెద్దమ్మను కలిసింది. ఈసారి ఆమె మొహంలో నవ్వు లేదు. ఇంట్లో పాడుకోవడం కూడా ఆగిపోయిందట. ఆ ఒక్క చరణం పోతే ఇక ఆయన గొంతు ఎలా ఉంటుందో మేం మరిచిపోతామమ్మా అని చెప్పి ఏడ్చింది. పెద్దమ్మ ఆమెకు ధైర్యమేమీ చెప్పలేదు. పని బట్టలు కూడా మార్చుకోకుండా తిన్నగా సైకిల్ షాపుకి నడిచింది. ఆమె కోపం తెలుసు కాబట్టి, ఆమె కోసం వచ్చి గేటు దగ్గరే ఉన్న నేనూ వెంట నడిచాను.

మెకానిక్ చక్రం తిప్పుతూ తలెత్తలేదు. ఆ చరణం నీది, నువ్వు రాకపోతే ఎవరమూ వెళ్లం అని పెద్దమ్మ చెప్పింది. అతను చాలాసేపటికి ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. ఆ మాటలు కూడదీసుకోవడానికి అతనికి ఎంతసేపు పట్టిందో, అంతసేపూ ఆమె ఆ నూనె మరకల బల్ల దగ్గర నిలబడే ఉంది.

“అక్కా, అక్కడ నేను ఆగిపోతే, నన్ను వదిలేసి ముందుకెళ్లిపోండి. మాటివ్వు.”

“అది తప్ప ఇంకేదైనా అడుగు తమ్ముడూ,” అంది పెద్దమ్మ.

టౌన్‌హాల్లో మధ్యాహ్నం కార్యక్రమం. పాలిష్ చేసిన చెక్క స్టేజీ, ఎర్ర తెర, ముందు వరుసల్లో పెద్దపెద్దవాళ్లు. నా చేతుల్లో తాళాలు చెమటకు జారిపోతున్నాయి. పెద్దమ్మ మాత్రం మైకును ఒకసారి అనుమానంగా చూసి, దాని పక్కకు జరిగి కూర్చొని, తన కీచుగొంతుతో పాటెత్తింది. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. రెండో చరణానికి ఆ నవ్వు ఆగింది, నాలుగో చరణానికి వెనక వరుసలవాళ్లు చేత్తో తాళం వేయడం మొదలుపెట్టారు. మా పని చక్కగా సాగిపోతోందని నేను మురిసిపోయేలోపు మా వెనక కూర్చున్న మెకానిక్ వంతు వచ్చింది.

పెదవులు మూశాడు. అవి మళ్లీ తెరుచుకోలేదు.

డోలు మెల్లబడి నడుస్తోంది. జనం వేస్తున్న తాళం ఆగిపోయింది. మెకానిక్ మెడ నరాలు ఉబ్బాయి, మొహం కందిపోయింది. పిలిచినాయన స్టేజీ పక్కనుంచి చేతులు తిప్పుతూ కానివ్వమని సైగ చేస్తున్నాడు. మెకానిక్ కూడా అదే సైగ చేశాడు, తనను దాటి వెళ్లిపొమ్మని. పెద్దమ్మ అది చూసింది. చూసి, హాలు వైపు వీపు పెట్టి అతని వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది. గదిలో కూర్చునేటట్టే, మోకాలి మీద తట్టుకుంటూ. ఆమెను చూసి మేమూ అటే తిరిగాం. స్టేజీ మీద మనుషులంతా జనానికి వీపులు చూపిస్తూ నోరు మూసుకొని కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తెర లాగే అతన్ని తప్పుపట్టడానికి లేదు. పాట అయిపోయిందని అనుకున్నాడు. మా వెనక ఎర్ర తెర గలగలమంటూ మూసుకుంది. అటు జనం చప్పట్లు కొట్టాలా వద్దా తెలియక కొట్టీకొట్టకుండా ఊరుకున్నారు. ఇటు చీకటిగా ఉంది. ఉన్న పరువంతా పోయిందని నేను అనుకుంటున్నాను. డోలు మాస్టారు మా పెద్దమ్మ వైపు చూశాడు. ఆమె మోకాలి మీద చెయ్యి ఆగలేదు కాబట్టి ఆయనా డోలు ఆపలేదు.

అప్పుడొచ్చింది. బరువు దించే చోటు చూపు అని తెర వెనక నుంచి, మైకు లేకుండా, ఇన్నాళ్లూ మా ఇరుకు గదిలో ఎప్పుడూ రానంత నిండుగా వచ్చింది. బాటసారి నేను అని అతను ముగించగానే మేమంతా అందుకున్నాం. నాకు ఏడుపొచ్చింది, తాళం తప్పాను, ఎవరూ పట్టించుకోలేదు. తెర లాగే అతను గాభరాపడి తాడు మళ్లీ లాగాడు. తెర తెరుచుకునేసరికి మేమింకా జనానికి వీపు పెట్టే పాడుతున్నాం. చివరి చరణందాకా అలాగే పాడాం. చప్పట్లు వస్తే గానీ వెనక్కి తిరగాలని మాకు తోచలేదు.

పిలిచినాయన స్టేజీ వెనక్కి పరుగున వచ్చాడు. కోపంతో కాదు, కంగారుతో. తెర సంగతికి క్షమించమన్నాడు. ఆ తర్వాత మెకానిక్ భుజం మీద చెయ్యేసి, ఏం పర్వాలేదు, ఇలాంటివి అందరికీ జరుగుతాయి అని ఓదార్చబోయాడు. మెకానిక్ ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. తెలియనివాళ్లతో అతను మాట్లాడబోవడం మేమెప్పుడూ చూడలేదు. మొదటి అక్షరం దగ్గర ఆగిపోగానే, పాపం ఆ పెద్దమనిషి సాయం చేద్దామని, మంచినీళ్లు కావాలా, ఇంటికి వెళ్లాలా, బండి పెట్టించనా అని ఒక్కొక్క మాటా అందించసాగాడు.

“బాబూ, ఆయన్ని చెప్పనివ్వు,” అంది పెద్దమ్మ.

ఆయన ఆగాడు. చేతులు కట్టుకొని నిలబడ్డాడు. తర్వాతి బృందం వాళ్లు సామాన్లు మోసుకుంటూ మా పక్కనుంచి వెళ్లిపోయారు. మేమందరం మెకానిక్ నోటివైపే చూస్తున్నాం. జనంలోంచి లేచొచ్చిన అతని భార్య అతని నోటివైపు చూడలేక నేలవైపు చూస్తోంది. మాట ఒక్కొక్క ముక్కే వచ్చింది, మధ్యలో రెండుసార్లు తెగింది, మళ్లీ మొదలైంది. కానీ మొత్తం అతనే చెప్పాడు.

“మేం బాగానే పాడామండీ. వచ్చేసారి పిలిచినప్పుడు, ఆ తెర తాడు మా అక్క చేతికివ్వండి.”

పిలిచినాయన ముందు నవ్వాడు, ఆ తర్వాత డోలు మాస్టారు, ఆ తర్వాత మేమంతా. మెకానిక్ భార్య నవ్వలేదు. ఆయన జోకు వేశారు, బయటివాళ్లతో జోకు వేశారు అని పెద్దమ్మ చెయ్యి పట్టుకొని మళ్లీ మళ్లీ చెబుతోంది. పెద్దమ్మ ఆమెను కూడా ఆపలేదు.