సముద్రం వేషం కట్టిన మాంసం కొట్టాయన

నేను చాలా ఊళ్ళు తిరిగాను, చాలా వీధినాటకాలు చూశాను. సముద్రం వేషం అనగానే ఎక్కడైనా ఇద్దరమ్మాయిలు నీలి గుడ్డ చెరో కొస పట్టుకుని ఊపుతారు. ఈ ఊళ్ళో ఆ వేషం మాంసం కొట్టాయన కట్టేవాడు. మనిషి వంద కిలోలకు తక్కువ ఉండడు. లారీల మీద కప్పే నీలి టార్పాలిన్ భుజాన చుట్టుకుని, గోడలా పేర్చిన అట్టపెట్టెల్ని తన్నుకుంటూ వచ్చి, వాటి వెనక దాక్కున్న నటుల్ని జుట్టు పట్టి ఈడ్చుకుపోయేవాడు. వాళ్ళ మోచేతులు నిజంగానే దోక్కుపోయేవి. పొద్దున కొట్లో మాత్రం, ఎముక ఎక్కువ పడిందంటే మారుమాట లేకుండా మార్చి ఇచ్చే మెతక మనిషి.

ఈ నాటక దళం నడిపేది లెక్కల టీచరమ్మ. ఏటేటా నీటిమట్టం ఎంత పెరుగుతోందో, తుఫాన్లు ఎంత ముదురుతున్నాయో గీతలు గీసి చూపిస్తే జనం ఆవులించారట. అందుకని నాటకం ఎత్తుకుంది. అందులో ఒక నియమం పెట్టింది. చూసేవాళ్ళలో ఎవరికి కథ నచ్చకపోయినా "ఆపండి" అని లేచి వచ్చి మార్చొచ్చు. కాకపోతే ఎవరిని ఆపారో, వాళ్ళ వేషం తామే కట్టాలి.

ఈ వేషం ఏరి కోరి ఎందుకు తీసుకున్నావని అడిగితే, అతను కత్తి నూరుకుంటూ చెప్పాడు. రెండేళ్ళ కిందటి తుఫానప్పుడు, సముద్రానికి కట్టిన అడ్డుగోడ పక్క వీధిలో ఉండే అక్క ఫోన్ చేసి, గుట్ట మీదికి వచ్చేయమంటావా అని అడిగిందట. "కొత్త గోడ కట్టారు కదక్కా, ఏం కాదు" అన్నాడట. గోడ విరిగింది. అక్క మర్నాడు సిమెంటు దిమ్మ కింద దొరికింది, ఒక చెయ్యి లేకుండా. బావ ఆనాటి నుంచి అతనితో మాట మానేశాడు. బావ పడవలు బాగుచేసే వడ్రంగి. ముసలి తల్లితో అదే ఇంట్లో, అతుకులేసిన అదే గోడ వెనక పంతం పట్టి కూర్చున్నాడు. మళ్ళీ తుఫాను రోజులు దగ్గరపడుతున్నాయి. ఈలోపు వాళ్ళిద్దర్నీ కదిలించాలి. అతనికున్న ఆశల్లా అదొక్కటే.

కొట్టు సెలవు రోజున, మిట్టమధ్యాహ్నం, నాటకం ఆ వీధికి వెళ్ళింది. అట్టగోడ కూలింది. మాంసం కొట్టాయన రంకె వేస్తూ సరిగ్గా బావ ఇంటి ముందే, ఇల్లాలి వేషం కట్టిన అమ్మాయి చెయ్యి పట్టి లాగాడు.

"ఆపండి" అంటూ బావ లేచాడు. చేతిలో సగం చెక్కిన తెడ్డు ఉంది.

మొదటి దెబ్బకు పక్కటెముక విరిగిన చప్పుడు నాదాకా వినబడింది. రెండోది దవడ మీద. నెత్తురుతో పాటు పన్ను ఊడి అట్టపెట్టె మీద పడింది. జనం ఇదీ నాటకమే అనుకుని చప్పట్లు కొట్టారు. మా ఇంటి తరఫున కూడా ఒకటి తగిలించమని ఒకావిడ అరిచింది. పొట్టేలును ఒంటిచేత్తో ఎత్తే ఆ మనిషి చెయ్యి అడ్డం పెట్టలేదు. మూడో దెబ్బకు మోకాళ్ళ మీద కూలాడు.

పూర్వం ఎవరో రాజు సముద్రాన్ని కొరడాలతో కొట్టించాడని ఎక్కడో చదివాను. ఆ తర్వాత సముద్రం వేషం నువ్వే కట్టమని ఆ రాజుకు చెప్పినవాళ్ళు లేరు. ఇక్కడ టీచరమ్మ ఉంది. ఆమె తెడ్డు లాక్కుని, నెత్తురంటిన టార్పాలిన్ తీసి వడ్రంగి భుజాన వేసింది.

"ఆపింది నువ్వు. ఇక సముద్రం నువ్వే. నడు."

అదే కోపంతో అతను తన ఇంటి మీదికి నడిచాడు. గుమ్మంలో తల్లి కూర్చుని ఉంది. ఆమె ఏ వేషమూ కట్టలేదు.

"రారా నాయనా" అంది. "నువ్వు కదలనన్నావనే నేనూ కదల్లేదు. కోడలు పోయింది, ఇక నా వంతు. జుట్టు పట్టుకుంటావా, కాలా?"

 అతను లోపలికి పోయి గునపం తెచ్చి, తల్లిని చేతులతో ఎత్తి పక్కన కూర్చోబెట్టి, తను చేసుకున్న తలుపునే బాదడం మొదలుపెట్టాడు. బందులు ఊడాయి, చట్రం చీలింది, గోడ పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. అరచేతులు చిట్లినా ఆపలేదు. తలుపు లేని ఇంటికి మళ్ళీ రాబుద్ధి కాదని వడ్రంగికి తెలియదా?

ఊడిన ఆ తలుపు మీదే బామ్మర్దిని పడుకోబెట్టి, నలుగురం మోసుకుంటూ గుట్ట ఎక్కాం. ముసలమ్మ బట్టల మూట చంకన పెట్టుకుని వెనకే వచ్చింది. తలవైపు కొస పట్టుకున్న బావ సగం దారిలో, రెండేళ్ళ తర్వాత మొదటిసారి, అతనితో మాట్లాడాడు.

"ఏంట్రా ఈ బరువు? మాంసం అమ్ముతున్నావా, అంతా నువ్వే మింగుతున్నావా?"

అతను నవ్వబోయాడు. విరిగిన ఎముక నవ్వనివ్వలేదు. బావను అమ్మనా బూతులు తిట్టాడు. వెనకే నడుస్తున్న ఆ అమ్మ, మూట ఇంకో చంకలోకి మార్చుకుంది.