వీరన్న కాలికి అద్దిన చెట్టుబొచ్చు

ఊటీ నుంచి ఆ మొక్కను నా నర్సరీకి తెచ్చింది నేనే. చెట్టంత ఎత్తు పెరిగే ఫెర్న్ అది. పువ్వు లేదు, కాయ లేదు, ఏడాదంతా పచ్చగా ఉంటుంది. ప్రొద్దుటూరు ఎండకు బతకదని అందరూ చెప్పినా వినలేదు. పచ్చ వల కింద పెట్టి, రోజుకు నాలుగుసార్లు తడిపి దాన్ని బతికించినవాడు మాత్రం వీరన్న.

వీరన్నది కలమల్ల పక్క. నా దగ్గర పనిచేస్తూనే నలభై గొర్రెలు మేపుకునేవాడు. మందను కర్రతో తోలడం అతనికి గిట్టదు. ముందు తాను నడుస్తూ ఒక కూత వేస్తే అన్నీ వెనకే వచ్చేవి. ఆ చెట్టుకు కొత్త ఆకు పొట్టేలు కొమ్ములా చుట్టుకుని వస్తే మురిసిపోయేవాడు. మొదలు నిండా ఉన్న నూగును నిమిరి, "ఇది చెట్టు గాదప్పా, గొర్రె. బొచ్చు సూడు" అనేవాడు.

ఒకరోజు పులివెందుల నుంచి వచ్చిన భారతి అనే ఆమె, ఇంట్లో పిల్లలున్నారు, ఇది విషమా అని అడిగింది. "విషం లేదమ్మా. దీని మొదలు ముక్కల మీద ఆర్కిడ్లు పెంచుతారు. పాతకాలంలో ఈ నూగును గాయాలకు కూడా అద్దేవాళ్లంట" అని గొప్పగా చెప్పాను. అమ్ముకునేవాడి నోరు ఊరుకోదు కదా! వెనక నీళ్లు పడుతున్న వీరన్న విన్నాడు.

మరుసటి వారం పార జారి అతని పాదం తెగింది. బొచ్చు కత్తిరించేటప్పుడు కత్తెర తగిలి గొర్రె చర్మం తెగితే, బొచ్చు కాల్చి ఆ బూడిద అద్దడం వాళ్లింటి అలవాటు. ఇప్పుడు కాల్చే ఓపిక కూడా లేదు. చెట్టు నూగు గుప్పెడు పెరికి గాయంలో కుక్కేశాడు. నెత్తురు చప్పున ఆగింది.

"ఆస్పత్రికి పోదాం పా. నీకు షుగరుంది" అన్నాను.

"యాడికప్పా? విషం లేదని నువ్వే జెప్తివి. రగతం ఆగిపాయె సూడు. నేను పోకుంటే మంద కదల్దు."

నేను పట్టుబట్టలేదు. నా మాటను నేనే కాదనలేకపోయాను, సిగ్గులేని మనిషిని.

ఆరు రోజులు ఆ కాలితోనే మంద ముందు నడిచాడు. ఏడో రోజు జ్వరం, కాలంతా వాపు, వేళ్లు నల్లబడ్డాయి. కడపలో డాక్టరు పుండులోంచి నూగు పోగులు తీసి చూపించాడు. "చెట్టుకు విషం లేకపోవచ్చు. మట్టితో సహా లోపల కుక్కితే షుగరున్న మనిషి కాలు కుళ్లడానికి ఇది చాలు" అన్నాడు. మోకాలి కింది నుంచి కాలు తీసేశారు.

అతను ఇంటికొచ్చిన మర్నాడు పోయి చూశాను. వీరన్న వాకిట్లో మంచం మీదున్నాడు. ఇన్నాళ్లూ దొడ్డిలోనే మేత వేసిన భార్య రామసుబ్బమ్మ తడిక తీసి కర్ర ఆడించింది. ఒక్క గొర్రె కదల్లేదు.

"నువ్వన్నా పిలువు" అంది ఏడుపు గొంతుతో.

వీరన్న పడుకున్నచోటి నుంచే కూత వేశాడు. నలభై గొర్రెలూ బయటికొచ్చి, మేత దారి పట్టకుండా, అతను లేచి నడుస్తాడని మంచం చుట్టూ నిలబడ్డాయి. వీరన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు.