పంటిలో నానబెట్టిన సున్నం

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా సైకిల్ మీంచి పడింది. ముందరి పన్ను ఊడలేదు గానీ, కొన్నాళ్లకు నల్లబడి చిగురు వాచింది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల తీసుకుపోయాను. డాక్టరమ్మ పంటి లోపలి నరం తీసేసి, తెల్లటి మందు నింపి, పైన తాత్కాలికంగా మూసింది.

"నెల లోపల రావాల. ఈ మందు తీసేసి గట్టిగా మూయాల," అంది.

"ఏం మందమ్మా అది?"

"ఒక రకం సున్నమే అనుకోండి. లోపలి చీము ఆరిపోతుంది."

నా చెవిలో సున్నమొక్కటే నిలిచింది. పాత మిద్దెలకు గచ్చు వేసే పని నాది. సున్నం ఎంత నానితే అంత బలమని మా నాయన దగ్గర నేర్చుకున్నాను. ఆ మందు ఎన్నాళ్లుంటే పన్ను అంత గట్టిపడుతుందని, ఎవరినీ అడక్కుండానే తేల్చేశాను. నొప్పి కూడా పోయింది గదా.

నెల దాటాక నా భార్య గుర్తుచేసింది.

"నంద్యాలకు ఎప్పుడు పోతాండావ్?"

"నాననీలే. సున్నం సంగతి నీకేం తెలుసు?"

"ఓ సామీ, అది గోడ కాదు, పిల్ల నోరు!"

నవ్వేశాను. అట్లా ఏడాదిన్నర గడిచింది.

మొన్న వానాకాలంలో అమ్మాయి జామకాయ కొరికింది. పన్ను చిగురు దగ్గర పుటుక్కున విరిగి కాయలోనే ఉండిపోయింది.

"ఏడాదిన్నర ఉంచినారా?" అంది డాక్టరమ్మ. "ఇది ఎక్కువ కాలం ఉంటే పన్ను లోపల పెళుసెక్కొచ్చు."

"అంటే మందు వల్లనేనా?"

"అదొక్కటే అని చెప్పలేను. దెబ్బ తిన్న పన్ను, నరం లేని పన్ను. చెప్పిన టైముకు వచ్చింటే విరిగేది కాదని కూడా రాసియ్యలేను."

కుంగిపోవాలో, ఊపిరి పీల్చుకోవాలో తెలియలేదు. చీము ఆర్పిన మందే పంటిని ఎట్లా పెళుసు చేస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. వేరు కూడా తీసేశారు. పెద్దయ్యేదాకా పెట్టి తీసే పన్నే గతి అన్నారు.

బస్సులో అమ్మాయి దూదిని పంటి సందున అదుముకుని అడిగింది: "బళ్లో ఏమని చెప్పాల నాయనా?"

"మా నాయన తప్పని చెప్పు."

"డాక్టరమ్మే తేల్చలేకపాయె. నువ్వెట్ల తేలుస్తాండావ్?"

"నెలంటే ఏడాదిన్నర చేసింది నేనే గదమ్మా," అన్నాను.

"అయితే అదే చెప్తా," అని కిటికీ వైపు తిరిగింది.