వాగు కన్నా ముందు నడిచిన సుభద్రా మేడం

ఆ శుక్రవారం బడిలో ప్రార్థన ముగిసి పిల్లలు తరగతులకు పోతుండగా, మెట్‌పల్లి నుంచి మా అన్న ఖాదర్ ఫోన్ చేశాడు. ఇంట్లో మేము ఉర్దూలో మాట్లాడుకుంటాం. ఆ ఒక్క వార్తను మాత్రం తెలుగులో చెప్పాడు: "నజ్మా, మేడం పోయిందే." ఏ మేడమని నేను అడగలేదు. కోరుట్లలో నా వయసు వాళ్లకు మేడమంటే ఒక్కరే, మాకు సాంఘికశాస్త్రం చెప్పిన సుభద్రాదేవి గారు. పొద్దున టీ తాగి, గుండెలో ఏదో పట్టేసినట్టుందని కూర్చున్న మనిషి కరీంనగర్ ఆసుపత్రి చేరకముందే కన్నుమూశారు.

నిజం చెప్పాలంటే నాకు ముందు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. పసుపు ఉడకబెట్టి ఎండబోసే నెల ఇది. ఏ మధ్యాహ్నమైనా మబ్బు కమ్ముకొచ్చే నెల. ఇంతమందికి వాన సంగతి ముందుగా చెప్పి నిలబెట్టిన మనిషి తన సంగతి మాత్రం ఇట్లా చెప్పాపెట్టకుండా ముగించుకుపోతారా? స్టాఫ్ రూములో కుర్చీని ఒక్క తోపు తోసి బయటికొచ్చాను. గేటు దాటిన తరువాత ఏడ్చాను.

మేడం పెగడపల్లి వైపు ఒక గ్రామంలో పూర్వపు దొరల ఇంటి ఆడపడుచు. యౌవనంలోనే భర్తను కోల్పోయి, ఉద్యోగరీత్యా కోరుట్ల చేరి, ఇక్కడే స్థిరపడ్డారు. సంతానం లేదు. వంశగౌరవాన్ని ఆమె చీరకు అంటిన మట్టిలాగా దులిపేసుకునేవారు. వృద్ధులెవరైనా పాత అలవాటుతో "దొరసానీ" అని పిలిస్తే చూపుడువేలు ఎత్తి, "దొరసాని గాదు, టీచర్ను. ఇంకొక్కసారి అంటె గోడకుర్చీ ఏయిస్త" అనేవారు. డెబ్బై దాటిన ముసలాయన ఒకరు నిజంగానే భయపడి "ఏయియ్యకు మేడం, మోకాళ్లు నొస్తయి" అనడం నేను చెవులారా విన్నాను.

ఉద్యోగ విరమణ తరువాత ఆమె తలకెత్తుకున్న దీక్ష ఒక్కటే: ఎండాకాలపు అకాల వర్షం. వానకాలంలో అందరూ ఆకాశం వైపు చూస్తారు, అధికారులు చెరువు కట్టల మీద తిరుగుతారు. ఫాల్గుణ చైత్రాల్లో ఆ జాగ్రత్త ఎవరికీ ఉండదు. ఆషాఢంలో ఏ వాగుకు దండం పెడతామో, ఎండాకాలంలో అదే వాగులో పెళ్లి టెంటు వేస్తాం. ఇబ్రహీంపట్నం నుంచి కోరుట్ల దాకా మా మల్లన్న వాగు పక్క చదునంతా అప్పుడు పచ్చగా పసుపు కొమ్ములే. యాసంగి వడ్లు కోసినాక రాశులూ అక్కడికే చేరతాయి. ఒక్క జడివాన పడితే కొమ్ము రంగు పోతుంది, వడ్లు మొలకెత్తుతాయి, ఏడాది కష్టం బురదలో కలుస్తుంది. "వానకాలం వరద ఇంటి మీదికస్తది, ఎండకాలం వరద కంచం మీదికస్తది" అనేవారు మేడం.

ఆమె పనితీరు విలక్షణమైనది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో స్థిరపడిన పాత విద్యార్థుల డాబాల మీద వానను కొలిచే సీసాలు పెట్టించారు. వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ వాళ్లందరినీ పేరుపేరునా పలకరించి, ఎక్కడ ఎంత పడిందో అడిగి, గోడ మీది పటంలో వేలితో దారులు గీసి చూసుకునేవారు. "మబ్బు అందరిదీ ఒక్కటే బిడ్డా, నీళ్ల తొవ్వలు వేరు. కోరుట్ల వాన గోదారికి పోతది, సిరిసిల్ల వాన మానేరుకు పోతది. ఎవరి మీద పడ్డదని అడుగకు. ఎవరి దిక్కు పోతుందని అడుగు." తరగతి గదిలో మార్కుల కోసం బట్టీ పట్టిన పరీవాహక ప్రాంతమనే మాటకు ప్రాణముందని నాకు అప్పుడు తెలిసింది.

నేను తెలుగు ఉపాధ్యాయురాలినైనప్పటి నుంచి ఆ హెచ్చరికలు రాసే పని నాకు అప్పగించారు. మొదటి రోజు నేను మహోత్సాహంతో "అతివృష్టి సంభవించు సూచనలు కానవచ్చుచున్నవి, కావున కర్షక సోదరులు అప్రమత్తులు కావలెను" అని రాసి చదివి వినిపించాను. మేడం కళ్లజోడు తీసి నవ్వడం మొదలుపెట్టారు. ఎంతకూ ఆపలేదు. "నజ్మా, నీ తెలుగు మస్తుంది. గని గిది చదివి సమజ్ చేసుకునేలోపు పసుపు గోదారిల కలుస్తది. గిట్ల రాయి: మల్లన్న వాగు పక్కోళ్లు మాపటిలోపు కొమ్ములు తియ్యుర్రి." నాకు ఉక్రోషం వచ్చింది, మొహం మాడ్చుకుని కూర్చున్నాను. ఆమె టీ పోసిచ్చి, "గా సంస్కృతమంత నేను సచ్చినంక నా మీద రాయి, అప్పుడు నేనేమన" అన్నారు. ఇప్పుడు రాస్తున్నాను మేడం. చేతులు రావడం లేదు.

సిరిసిల్లలో ఆమె పట్టుదలను ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. మా తోటి విద్యార్థిని సరిత అత్తగారిల్లు పల్లపు వాడలో ఉంది, సాంచాలన్నీ కింది గదిలోనే. మాడు పగిలే ఎండలో మేడం ఆ ఇంటికి పోయి, "సాంచాలు ఎత్తలేరు, మోటర్లయితె ఎత్తి పీటల మీద పెట్టుర్రి. నూలు అటకెక్కియ్యుర్రి" అన్నారు. సరిత అత్త నోటికి చేయి అడ్డం పెట్టుకుని, "గింత ఎండల వాననేంది మేడం? వడదెబ్బ గిట్ల తాకిందా?" అంది. "తాకింది. గందుకే చెప్తున్న" అని, నీళ్లు తాగి బయటికొచ్చి చూస్తే వాడ మురుగు కాలువ, అదే మోరీ, నిండా నూలు పీచు, చెత్త. సరిత ఇంట్లోంచి కుర్చీ తెప్పించుకుని మోరీ పక్కనే గొడుగేసుకుని కూర్చున్నారు. అది తీసేదాకా లేవనన్నారు. ముక్కులు మూసుకుని నవ్విపోయినవాళ్లే సాయంత్రానికి పారలు పట్టుకున్నారు. ఆ చైత్రంలో కురిసిన వానకు ఆ వాడలో నీళ్లు నిలవలేదు.

ఆమెను అన్ని వేళలా గెలిచిన మనిషిగా చిత్రించడం నాకు ఇష్టం లేదు, అది ఆమెకు అవమానం. ఒక ఏడాది ఆమె భారీ వాన వస్తుందని గట్టిగా చెప్పారు. జనం ట్రాక్టర్లు పెట్టి, కూలీలను పెట్టి పసుపంతా ఊళ్లోకి చేర్చుకున్నారు. తీరా చూస్తే చుక్క రాలలేదు. మరునాడు ఇబ్రహీంపట్నం వైపు రైతు లింగన్న ఆమె వాకిట్లోకే వచ్చి తగులుకున్నాడు. "ఏది మేడం నీ వాన? కూలోళ్లకు నువ్విస్తవా? మెట్‌పల్లిల పరదాలమ్ముకునేటందుకు గా నజ్మమ్మ, వాళ్లన్న, నువ్వు కలిసి ఆడిన నాటకమంటున్నరు మావోళ్లు!" పసుపు మీద కప్పే టార్పాలిన్లను మావైపు పరదాలంటాం, మా అన్న అమ్మేది అవే. నాకు ఒళ్లు మండింది, లేచి నిలబడ్డాను. మేడం నన్ను చేత్తో ఆపి, "కూసో లింగన్నా" అన్నారు. "వాన రాలే. నేను తప్పు చెప్పిన. మళ్ల మబ్బు వడితె మళ్ల చెప్త, అది సుత తప్పు గావచ్చు. చెప్పి తిట్లు తినుడు నాకు నయం, చెప్పక దండం వెట్టిచ్చుకునుడు నాతోటి గాదు." ఆ మాటే ఫోన్లో రికార్డు చేసి అందరికీ పంపారు. క్షమాపణను అంత తలెత్తుకుని చెప్పగలిగినవాళ్లను నేను మరెక్కడా చూడలేదు.

ఆ తరువాత కొద్దిరోజులకే వాగు ఎగువన, పై ఊళ్లలో వాన పడింది. మేడం మళ్లీ చెప్పారు. ఈసారి సగం మంది కదలలేదు. లింగన్న అయితే మా అన్న దుకాణంలోనే కొత్త పరదా కొని, రాశి మీద బిగించి, చుట్టూ రాళ్లు పెట్టి, దర్జాగా దాని పక్కన కూర్చున్నాడు. మేడం స్వయంగా ఆటోలో పోయి, చెప్పులు చేతబట్టుకుని వాగు పక్కకు దిగి, "మీదికెల్లి రాదు లింగన్నా, కిందికెల్లి అస్తది! పరదా మీద ఏమున్నది? లేవు!" అని అరిచారు. అక్కడ ఎండ కాస్తోంది. లింగన్న ఆకాశం చూపించి, "ఏడున్నది మబ్బు? పో మేడం, ఇంటికి పో" అన్నాడు. మధ్యాహ్నానికి ఒక్క చినుకు పడని ఆ చోటికి ఎర్రటి నీళ్లు వచ్చాయి. పరదా అట్లాగే బిగించి ఉంది, దాని కింది నుంచి పసుపు కొట్టుకుపోయింది.

"నేను చెప్పాను కదా" అని ఆమె అంటారనుకున్నాం. అనలేదు. మిగిలిన తడి కొమ్ములను లింగన్న భార్యతో కలిసి గంపకెత్తుతూ, "తప్పు నాదే. నమ్మేటట్టు చెప్పకపోతి" అన్నారు. లింగన్న తువ్వాలు మొహానికి కప్పుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఆ ఓటమిలోంచే ఆమె జీవితంలోకెల్లా గొప్ప ఆలోచన పుట్టింది. ఒకనాడు లింగన్న భార్య మాటల మధ్య, "మా బిడ్డనిచ్చింది వాగు మీది ఊరికే మేడం. గా దినం అది ఫోన్ జేసి చెప్పుంటె మేం లేద్దుము" అంది. మేడం చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశారు. మా ప్రాంతంలో ఆడపిల్లలను దూరాభారాలకు ఇవ్వరు. కింది ఊళ్ల బిడ్డలంతా పై ఊళ్లలో కోడళ్లు. టీవీ చెప్పింది నమ్మకపోవచ్చు, మేడం చెప్పింది నమ్మకపోవచ్చు. అత్తగారింట్లో ఉన్న బిడ్డ ఫోన్ చేసి, "అమ్మా, మా దగ్గర వాగొచ్చింది, జల్ది తియ్యుర్రి" అంటే లేవని తల్లిగారిల్లు ఉండదు. ఆ వేసవంతా మేడం ఊరూరూ తిరిగి ఆ బిడ్డలను కలిశారు. వాగు ఎక్కడిదాకా వస్తే ఫోన్ చేయాలో ఒక్కొక్కరికీ రాయి చూపించి చెప్పారు. దుబాయిలో ఉన్న కింది ఊళ్ల మగవాళ్లకు కూడా ఆ కబురు పోయేది. వాళ్లు అక్కడి నుంచి "ఇంకా తియ్యలేదా?" అని ఇంటికి ఫోన్ చేసి తిట్టేవాళ్లు. అప్పటి నుంచి మా వాగు పక్క కొట్టుకుపోయిన పసుపు రాశి నేను చూడలేదు.

ఆమె పోయిన తరువాత నన్ను తొలిచిన భయం ఒక్కటే: ఆమె గొంతు లేకుండా ఈ నమ్మకం నిలుస్తుందా? పెద్దకర్మ నాడు జవాబు దొరికింది. కోరుట్లలో ఆమె ఇంటి ముందు పందిరి కింద జనం బారులు తీరి కూర్చున్నారు. విస్తళ్లు వడ్డించారు. అప్పుడే నా ఫోనుకు వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చింది, ఉరుములతో కూడిన భారీ వర్షమని. పై ఊళ్లకు ఫోన్ చేద్దామని తలెత్తాను. ఫోన్ చేయవలసిన బిడ్డలంతా నా కళ్లముందే కూర్చుని ఉన్నారు. మేడం కర్మకని ఒక్కరు మిగలకుండా తరలివచ్చారు. వాగును చూడటానికి పైన ఎవ్వరూ లేరు.

కర్మ భోజనం మధ్యలో లేపడం ఎంత అపచారమో నాకు తెలియనిది కాదు. అయినా చెప్పాను. "మబ్బు వస్తోంది. పై ఊళ్లల్లో ఎవ్వరూ లేరు. వస్తుందో రాదో నాకు తెలియదు, నేను చెప్పింది తప్పు కావచ్చు. లేవండి." కర్మ చేస్తున్న మేడం అన్నగారి కొడుకు చేతులు జోడించి, "టీచరమ్మా, తిననియ్యి. విస్తరి ముంగటికెల్లి లేవద్దు" అన్నాడు. ముందు లేచింది లింగన్న. కలిపిన ముద్దను విస్తరిలోనే వదిలి, "గామె ఉంటె విస్తరి గుంజేసి లేపుతుండె! లేవుర్రి!" అని ఒక్క కేక వేశాడు. ఆ బిడ్డలు చేతులు కడుక్కోకుండానే పై ఊళ్లకు ఆటోలెక్కారు, మిగతావాళ్లు కొమ్ములు తీయడానికి వాగు పక్కకు పరుగెత్తారు. కాసేపటికి పందిరి కింద వడ్డించిన విస్తళ్లు, దండ వేసిన మేడం ఫొటో, నేను, ఆ అన్న కొడుకు మిగిలాం.

సాయంత్రం దాకా నేను ఫోను చేతబట్టుకుని తిట్ల కోసం ఎదురుచూశాను. గాలి దుమారం తప్ప వాన రాలేదు. చీకటి పడే వేళకు లింగన్న భార్య ఫోన్ చేసింది. "టీచరమ్మా, వాన రాలేదమ్మా. కొమ్ములన్ని ఇంట్ల వెట్టినం. రేపు మళ్ల ఎండవోస్తం తియ్యి. మళ్ల మబ్బు వడితె చెప్పు, మొగమాటవడకు."

చెప్తాను. నాకు చేతనైనంత కాలం, తప్పైనా ఒప్పైనా చెప్తూనే ఉంటాను. సుభద్రా మేడం స్థానం నాది కాదు, ఎవరిదీ కాబోదు. ఆ స్థానం ఖాళీగానే ఉంటుంది, పని మాత్రం ఆగదు. ఆ వాత్సల్యమూర్తికి, ఆ దీక్షామూర్తికి నా అశ్రునివాళి. చెప్పిన వాన రాకపోయినా ఒక్కరంటే ఒక్కరు కోపగించుకోని దినం మా వాగు పక్కకు వచ్చింది. ఆ దినాన్ని కళ్లారా చూడవలసిన మనిషి ఒక్కరే, ఆమే లేరు.