గుల్ఖైరాకు నాలుగు మొగ్గలు

ఒక మహాకావ్యం చెప్పబోతున్నాను. ఇందులో మరణం ఉంది, అబద్ధం ఉంది, ఊచకోత ఉంది. చనిపోయింది మా అమ్మ. అబద్ధం నాది. ఊచకోత మా చిన్నమ్మ చేసింది, అదీ ఉత్త చేతులతో. పోయినవి ఐదు మొక్కలు. కాబట్టి కావ్యం కాదు, పెరటి సంగతి.

అమ్మ శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఊడ్చే పని చేసేది. అక్కడి తోటమాలిని అందరూ చాచా అంటారు. గేటు పక్కన ఆయన పెంచిన పూలు మనిషిని మించి ఎత్తు లేచేవి, కాండం పొడుగునా కింది నుంచి పైదాకా ఎర్రగా విచ్చుకునేవి. గుల్ఖైరా అనేవాడు వాటిని. అమ్మ ఒక ఎండుకాయ కొంగున ముడేసుకుని తెచ్చి, తొలకరికి మా వెనక గోడ వారన విత్తింది. ఆరు మొలిచాయి.

ఆకులు వచ్చాయి. ఆకుల తర్వాత ఇంకా ఆకులు వచ్చాయి.

"పూలని చెప్పి బచ్చలి పెట్టినవా ఏందమ్మా?" అన్నాను.

"నీకేమెర్క, ఊకో" అంది.

దీపావళి దాటాక కడుపు నొప్పి అంది. పరీక్షల్లో తేలిన జబ్బుకు పేరు పెద్దది, టైము చిన్నది. పట్నం దవాఖానలో ఆపరేషన్ చేశారు. సాయంత్రం నేను అన్నం డబ్బాతో పోతే, తిన్నావా అని కూడా అడగకుండా అదే మాట.

"మొగ్గేసిందార?"

మూడు రోజులు లేదన్నాను. నాలుగో రోజు ఆమె మొహం చూశాక నోరు దానంతటదే పని చేసింది.

"ఏసింది."

"ఎన్ని?"

"నాలుగు. ఐదోది ఎయ్యాల్నా వద్దా అని సోంచాయిస్తున్నది."

నవ్వింది. కుట్లు కదులుతాయని నర్సు నన్ను తిట్టింది. పక్క మంచం ఆమెకు అమ్మ గొప్పగా చెప్పుకుంది: "మా ఇంట్ల గుల్ఖైరా మొగ్గలేసిందట, మా పోరడు చూసిండు."

పోయేనాటికి, నేను చెప్పినదాని ప్రకారం, తొమ్మిది మొగ్గలు.

పదకొండో రోజుకు ముందు ఇల్లు కడగాలి, సున్నం వేయాలి, పెరట్లో గడ్డిపోచ మిగలకూడదు. ఏడ్చి ఏడ్చి చేతులు ఊరికే ఉండలేని చుట్టాలకు మా వైపు అదే పని. అమ్మ చెల్లెలు వెనక గోడ దాకా పీక్కుంటూ పోయింది. నేను చూసేసరికి ఐదు మొక్కలు చెత్తకుప్పలో ఉన్నాయి, ఆరోదాని మెడ ఆమె గుప్పిట్లో ఉంది.

"చిన్నమ్మా! గవి అమ్మవి!"

"అయ్యో, పిచ్చి బెండ అనుకున్న కొడుకా. పూత లేదు, కాయ లేదు..." అని అక్కడే కూలబడి గుండెలు బాదుకుంది. చివరికి నేనే ఓదార్చాను. హంతకులకు నీళ్లు తాగించడం నాకదే మొదటిసారి.

పీకినవి మళ్లీ నాటినా తలలు వాల్చేశాయి. మిగిలిన ఒక్కటైనా దక్కాలని, దినాలయ్యాక చాచా దగ్గరికి పోయాను. ఇన్ని నెలలైనా ఎందుకు పూయలేదని అడిగాను.

"తొలి ఏడు ఆకే బేటా. పువ్వు రెండో ఏడు. కాయ ఇచ్చిన్నాడే మీ అమ్మకు చెప్పిన. 'గంత సబర్, గంత ఓపిక నాకున్నది చాచా' అన్నది."

అంటే ఆమెకు తెలుసు. రెండో ఏడు తనకు లేదని తెలిసే, ముందే ఏస్తుందేమోనని రోజూ అడిగింది. నాలుగు అన్నప్పుడూ తెలుసు, తొమ్మిది అన్నప్పుడూ తెలుసు. పక్క మంచం ఆమెకు చెప్పింది నా పరువు కోసం.

ఇంటికి రావాల్సిన బండి మన్నెగూడ దాకా పోయింది. హెల్మెట్ లోపల ఏడిస్తే ఎవరూ ఏమైందని అడగరు, అదొక లాభం. అద్దం మసకబారి రోడ్డు కనబడదు, అదొక నష్టం.

ఎండాకాలమంతా ఆ మొక్కకు అమ్మ పాత చీరతో నీడ కట్టాను. మరుసటి చలి పోయే వేళకు గోడ దాటి లేచి పూసింది. ఎదురుగా నిలబడి ఏదైనా గొప్ప మాట అందామనుకున్నాను. చెంబెడు నీళ్లు పోశాను.

నీళ్లు మొక్క మొదలు దగ్గరే పోయాలి. ఆకుల మీద పడితే తుప్పు మచ్చలొస్తాయి.