కరెంటు లేని రోజు బిల్లు

సూర్యాపేటలో మా ఆయన ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టినప్పుడు బిల్లుల టేబుల్ దగ్గర నేను కూర్చున్నాను. ఆయనకు పైసలు అడగడం చేతకాదు. ఆ ఎండాకాలం కరెంటు కోతలు మొదలయ్యాక క్లినిక్ కిరాయి కట్టడమే గగనమైపోయింది. నొప్పికి పెట్టే మిషన్ నడవకపోతే జనం బిల్లు కట్టరు.

ఒకరోజు మోతె నుంచి భుజం పట్టేసిన పెద్దాయన వచ్చాడు. కరెంటు లేదు. మా ఆయన చెమటలు కక్కుతూ అరగంట సేపు ఎక్సర్‌సైజులు చేయించాడు. పెద్దాయన కండువా దులుపుకుని బయటికి నడిచాడు.

"పైసలు, పెద్దయ్యా?"

"మిషనే పెట్టకపాయె, ఇగ దేనికమ్మా?"

"మరి గింతసేపు సారు ఏం జేసిండు?"

"ఊకె చెయ్యి లేపిచ్చిండు."

"పొద్దున లేవని చెయ్యి ఇప్పుడు లేస్తున్నది గద?"

"లేస్తున్నది. గది నా చెయ్యే గదమ్మా."

లోపల్నుంచి మా ఆయన "పాపం, పోనియ్యరాదూ" అన్నాడు. ఆ మాట కిరాయి అడగడానికి వచ్చే ఓనర్‌తో చెప్పమన్నాను. పెద్దాయన పైసలు ఇవ్వకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడే ధరల బోర్డు మార్పించాను. ఎక్సర్‌సైజులకు వంద రూపాయలు, మిషన్ ఫ్రీ. మొత్తం కలిపి పాత ధరే. పెద్దాయన మళ్లీ వచ్చి, బోర్డు చదివించుకుని, మారుమాట లేకుండా వంద తీసిచ్చాడు. మిగతావాళ్లూ అంతే. కరెంటు ఉన్నా లేకున్నా ఆ నెల కిరాయి కట్టేశాం.

కాకపోతే కరెంటు ఉన్న రోజు పెద్దాయన మంచం దిగడు.

"ఫ్రీయే గదమ్మా, ఇంకో పది నిమిషాలు పెట్టుమను."